సీసా మీద చీటీ

  

మొక్కల్లోని రసాయనాలు పరీక్షించడమే నా వృత్తి. విశాఖ తీరపు రాళ్ల మీద పెరిగే ఎర్ర నాచు గ్రాసిలేరియా మీదా పనిచేశాను. విద్యార్థులారా, మీ ల్యాబుల్లో పళ్లేల్లో పోసే అగార్ అలాంటి నాచుల నుంచే వస్తుంది. నా మనసు నిలిచింది మాత్రం మామిడి తొక్క మీద. నూజివీడు చిన్న రసం పిండుకుని తాగి తొక్క అవతల పడేస్తాం. పండు బరువులో 15 నుంచి 20 శాతం అదే. మాంజిఫెరిన్ అనే రసాయనం అందులోనూ ఉంటుంది. దానిలో గ్లూకోజు నేరుగా కార్బన్‌కే అతుక్కుని ఉంటుంది కనుక ఆమ్లంలో మరిగించినా తేలిగ్గా ఊడదు.

ఒక విద్యార్థిని పండు తొక్కలో ఫినాల్స్ విపరీతంగా ఉన్నాయని సంబరంగా వచ్చింది. ఫినాల్స్‌ను కొలిచే ఫోలిన్ పరీక్షలో విటమిన్ సి కూడా నీలం రంగు ఇస్తుంది. దాన్ని తొలగించి మళ్లీ చూడమన్నాను. అంకె దిగింది, అమ్మాయి మొహం వాడింది. ‘దిగిన అంకే నిజం తల్లీ, అదే రాయి’ అన్నాను. రాసింది. ఆ పిల్లంటే నాకు ఈనాటికీ గౌరవం.

నా బెంగ ఇదే. విద్యార్థులు నమూనా సీసా మీద ‘మామిడి తొక్క, బజారులో కొన్నది’ అని రాసి తెస్తారు. ఏ రకం నాయనా? చిన్న రసమా, పెద్ద రసమా, బంగినపల్లా? పచ్చి కాయా, పండా? చెట్టునే మాగిందా, ఇథిలీన్ గదిలోనా? నిషేధించిన కార్బైడ్ పెట్టారా? ఎండలో ఆరేశారా, నీడలోనా? ఇవేవీ తెలియకుండా లక్షల రూపాయల యంత్రంలో పోస్తే వచ్చే గీతకు అర్థమేమిటి? పైగా యాంటీఆక్సిడెంట్ పరీక్షలో వాడే డీపీపీహెచ్ ద్రావణం ఊదా నుంచి పసుపుకు మారగానే ‘క్యాన్సర్‌కు మందు’ అని ప్రకటిస్తారా! అది గాజు గొట్టంలో మెథనాల్. మనిషి ఒళ్లు కాదు. ఆ మాట నమ్మి ఎవరైనా చికిత్స మానేస్తే ఎవరు జవాబుదారీ?

మా గురువుగారు చీటీ లేని సీసా కనిపిస్తే లోపల ఎంత ఖరీదైన సారమున్నా పారబోయించేవారు. అప్పుడు కోపమొచ్చేది. ఇప్పుడు నేనూ అదే చేయిస్తున్నాను. సాఫ్ట్‌వేర్‌కు వెళ్లే పిల్లలూ వినండి, మీ డేటాకూ ఇదే వర్తిస్తుంది.

నూజివీడు దగ్గరి ఆగిరిపల్లి, ముసునూరు మామిడి తోటలు మీకు దూరమేమీ కాదు. రైతును అడగండి. రకం, చెట్టు, కోసిన రోజు రాసి సీసాకు అతికించండి. ఫలితం వచ్చాక, ఎక్కువైనా తక్కువైనా, ముందు ఆ రైతుకే వెళ్లి చెప్పండి.