ఆగిన బిల్లు ఎవరిని కాపాడింది?

(ఆత్మకూరులో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చట్టసభలలో పార్టీల పోరును గురించి మాట్లాడమని మమ్మల్ని కోరారు. మేము రాజకీయ శాస్త్రం చదివిన పండితులము కాము. ఉద్యోగ జీవితమంతా గుమాస్తాగా ఫైళ్ళ మధ్య గడిపినవారము. ఆ కంటితోనే చట్టసభలను చూస్తున్నాము. పొరపాటు ఉంటే పెద్దలు సరిదిద్దగలరు.

మొదట అమెరికా సంగతి. మన పిల్లలు అక్కడ ఉన్నారు కనుక ఆ వార్తలు మన ఇళ్ళకూ చేరుతున్నాయి. 2025 అక్టోబరు 1 నుండి నవంబరు 12 వరకు, 43 రోజుల పాటు అక్కడి కేంద్ర ప్రభుత్వం మూతపడింది. ఆరోగ్య బీమా సబ్సిడీలపై రెండు పార్టీలకు పొత్తు కుదరలేదు. సెనేట్‌లోని 100 మందిలో 60 మంది ఒప్పుకుంటే తప్ప చర్చను ముగించి ఓటుకు పోలేని ఆచారం ఒకటి అక్కడ ఉన్నది. దానిని ఫిలిబస్టర్ అంటారు. ఆ 60 దొరకలేదు. లక్షలాది ఉద్యోగులు జీతం లేకుండా గడిపారు. ఆ వార్త చదివినప్పుడు మాకు పార్టీల కన్నా ముందు అక్కడి గుమాస్తాలు గుర్తుకువచ్చారు.

మనకు అటువంటిది జరగదని అనుకోకండి. 2020 జూన్‌లో మన శాసన మండలి ద్రవ్య వినిమయ బిల్లును ఆమోదించకుండానే నిరవధికంగా వాయిదా పడింది. శాసనసభలో ఒక పార్టీకి తిరుగులేని బలం, మండలిలో మరొక పార్టీకి ఆధిక్యం. ద్రవ్య బిల్లు మండలిలో 14 రోజులు ఆగితే ఆమోదం పొందినట్లే లెక్క అని రాజ్యాంగం చెబుతున్నది కనుక ఆ గడువు తీరేదాకా ఖజానా తలుపు తెరుచుకోలేదు. జూలై ఒకటవ తేదీన ఉద్యోగులకు జీతాలు అందలేదు. మన షట్‌డౌన్ చిన్నది, అంతే తేడా.

ఇక ఫైళ్ళ మాట. కార్యాలయంలో ఫైలు ఆగడం రెండు విధాలు. ఒకటి, సెక్షన్‌లో ఎవరో దానిని చదివి, ఈ కాగితం లేదు, ఈ లెక్క కుదరలేదు అని నోట్ ఫైలులో ప్రశ్న వ్రాసి ఆపడం. రెండవది, ఏమీ వ్రాయకుండా బీరువాలో తొక్కిపెట్టడం. బయట నిలబడినవానికి రెండూ ఒకటే, ‘పెండింగ్’. లోపలివారికి మాత్రం తేడా తెలుసు. మొదటిదానిలో పేరు, తేదీ, కారణం ఉంటాయి.

2020 జనవరి 22న మండలి చైర్మన్ షరీఫ్‌గారు పాలనా వికేంద్రీకరణ బిల్లును, సి.ఆర్.డి.ఎ. రద్దు బిల్లును తన విచక్షణాధికారంతో సెలెక్ట్ కమిటీకి పంపారు. నరసాపురానికి చెందిన ముస్లిం సోదరుడు ఆ కుర్చీలో ఉన్నారని మనవాళ్ళు చాలామంది గర్వపడ్డారు. ఆయన మనవాడు కాబట్టి చేసినది సరైనదని మేము అనము. ఆ నిర్ణయం ఆయన పార్టీకి అనుకూలమైనదే, ఆ విషయం దాచిపెట్టనక్కరలేదు. అయితే ఆయన ఫైలుపై ప్రశ్న వ్రాశారు. అమరావతికి భూములిచ్చిన రైతుల మాట కమిటీలో వినవచ్చునని ఒక దారి చూపారు. దానికి జవాబుగా అయిదు రోజులలో, జనవరి 27న, మండలినే రద్దు చేయాలని శాసనసభ 133 ఓట్లతో తీర్మానించింది. 1958లో పుట్టి, 1985లో రద్దయి, 2007లో మళ్ళీ వచ్చిన మండలి మరోసారి పోవలసిన స్థితికి వచ్చింది. సెలెక్ట్ కమిటీ ఏర్పడనే లేదు. బిల్లులు రెండవసారి సభ దాటి ఆ ఏడాది జూలై చివరలో చట్టాలైనాయి. కమిటీకి కొద్ది నెలలు ఇవ్వలేని ఆ బిల్లులను 2021 నవంబరులో అదే ప్రభుత్వం తానే ఉపసంహరించుకున్నది. మండలి రద్దు తీర్మానాన్ని కూడా వెనక్కు తీసుకున్నది. ఇరవైరెండు నెలలు ఎవరికి కలిసివచ్చాయో మీరే లెక్కించండి.

అలాగని ఆపడమే మంచిదని మా వాదన కాదు. అమెరికాలో నల్లజాతి ప్రజలకు సమాన హక్కులిచ్చే 1964 నాటి చట్టాన్ని దక్షిణాది సెనేటర్లు ఆ ఫిలిబస్టర్‌తోనే రెండు నెలలకు పైగా తొక్కిపెట్టారు. ఆ ఏడాది జూన్ 10న 71 మంది ఒకవైపు, 29 మంది ఒకవైపు నిలిచి చర్చను ముగించిన తరువాతే దారి దొరికింది. అల్పసంఖ్యాకులను కాపాడవలసిన తాళం వారి తలుపుకే వేసిన తాళమైనది. ఆ 71 మందిలో రెండు పార్టీలవారూ ఉన్నారు. పార్టీ గీత దాటి ఓటు వేసే స్వేచ్ఛ వారికి ఉన్నది. 2017 జూలై 28న అర్ధరాత్రి దాటిన తరువాత అధికార పార్టీ సెనేటర్ జాన్ మెకెయిన్ సొంత పార్టీ తెచ్చిన ఆరోగ్య చట్టం రద్దు బిల్లుకు వ్యతిరేకంగా ఓటు వేశారు. 49కి 51తో అది వీగిపోయింది. ఆయన సభ్యత్వానికి మాత్రం ఏ ముప్పూ రాలేదు.

మన దగ్గర 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం ఉన్నది. పార్టీ విప్ జారీ చేసిన తరువాత సభ్యుని మనస్సాక్షికి చోటు లేదు. ఇది దూరపు కథ కాదు. 2023 మార్చి 23న శాసనసభ్యులు మండలికి సభ్యులను ఎన్నుకున్నప్పుడు ప్రతిపక్ష అభ్యర్థినికి తమ బలానికి మించి 23 ఓట్లు వచ్చాయి. మరుసటి రోజు అధికార పార్టీ నలుగురిని సస్పెండ్ చేసింది. వారిలో ముగ్గురు మన నెల్లూరు జిల్లావారే. అప్పటి ఉదయగిరి సభ్యులు మేకపాటి చంద్రశేఖర్ రెడ్డిగారు ఆ ఆరోపణను ఖండించారు. అప్పుడు వెంకటగిరి సభ్యులుగా ఉన్న ఆనం రామనారాయణరెడ్డిగారు 2024లో ఈ ఆత్మకూరు నుండే గెలిచి మంత్రి అయినారు. ఎవరు ఎటు ఓటు వేశారన్నది మాకు ముఖ్యం కాదు. అది రహస్య ఓటు. మన ప్రతినిధి పార్టీతో విభేదించాలంటే చీకటి పెట్టె ఒక్కటే దిక్కైతే, మన మొర విని ఆయన సభలో ఏమి చేయగలరన్నదే మా బాధ.

తొందర మన మేలు కోసమే అయినా మనకు చేటే. 2004లో ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ ఒక జీవోతో వచ్చింది. మిఠాయిలు పంచుకున్నాము. వెనుకబడిన తరగతుల కమిషన్‌ను సంప్రదించలేదన్న కారణంతో కొద్ది నెలలలోనే హైకోర్టు కొట్టివేసింది. 2005 నాటి చట్టమూ నిలువలేదు. ఆ తరువాత పి.ఎస్. కృష్ణన్‌గారు ఓపికతో పరిశీలించి ఇచ్చిన నివేదిక ఆధారంగా 14 సామాజిక వర్గాలను గుర్తించి 2007లో 4 శాతంతో చట్టం చేశారు. దానిని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసినా, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు నీడలోనే మన దూదేకుల, నూర్‌బాషా సోదరులతో పాటు బి.సి. జాబితాలోకి వచ్చిన పేద పిల్లలు ఇంజనీరింగ్, వైద్య కళాశాలల మెట్లెక్కారు. దూదేకులవారు అంతకు ముందే బి.సి.–బి.లో ఉన్నవారు, మిగిలినవారు బి.సి.–ఇ. ద్వారా వచ్చారు. నిలిచినది ప్రశ్నలకు జవాబు వ్రాసుకున్న ఫైలు ఒక్కటే.

ముమ్మారు తలాక్ బిల్లు విషయం కొంచెం ఇబ్బందికరమైనది. ఆ తలాక్ వల్ల మన ఆడపిల్లలు పడిన కష్టం నిజం, దానిని మసీదు కమిటీలు ఎన్నడో సరిదిద్దవలసి ఉండెను. అయినా భర్తను జైలుకు పంపితే ఇల్లు ఎలా గడుస్తుందని ఆ స్త్రీలనే కమిటీ ముందు అడిగి ఉండవచ్చును. 2019 జూలై 30న సెలెక్ట్ కమిటీకి పంపాలన్న తీర్మానం రాజ్యసభలో 84కి 100తో ఓడిపోయింది. తేడా 16. ఆ రోజు ఓటింగులో పాల్గొనని సభ్యులు అంతకన్నా చాలా ఎక్కువ. అప్పటి రాజ్యసభ అధ్యక్షులు వెంకయ్యనాయుడుగారు 1978లోనూ, 1983లోనూ శాసనసభకు మన ఉదయగిరి నుండి ఎన్నికైనవారే.

వక్ఫ్ సవరణ బిల్లు కమిటీకి వెళ్ళింది. 2024 ఆగస్టు 8న ప్రవేశపెట్టారు, 31 మంది సభ్యుల సంయుక్త కమిటీకి పంపారు. గొడవలో ఒక రోజు పదిమంది ప్రతిపక్ష సభ్యులను సస్పెండ్ చేశారు. ప్రతిపక్షం ప్రతిపాదించిన సవరణలన్నీ వీగిపోయాయి, అధికార పక్షం వైపు నుండి వచ్చినవి 14 నిలిచాయి. 2025 ఏప్రిల్ 3 తెల్లవారకముందే లోక్‌సభలో 288కి 232, మరునాడు రాజ్యసభలో 128కి 95. ఈసారి తెలుగుదేశం మద్దతిచ్చింది, వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ వ్యతిరేకించింది. 2019లో పౌరసత్వ సవరణ బిల్లుకు ఈ రెండూ మద్దతిచ్చాయి. రంగు చూసి నిద్రపోవద్దని ఇందుకే అంటున్నాము.

అంత ఏకపక్షంగా సాగిన కమిటీ కూడా ఒక వాక్యాన్ని మిగిల్చింది. వాడుక ద్వారా వక్ఫ్ అయిన ఆస్తులలో అప్పటికే రిజిస్టరైనవి, వివాదంలో లేనివి, ప్రభుత్వ భూమి కానివి కొనసాగుతాయన్నది మొదటి ముసాయిదాలో లేదు, తరువాత చేరింది. ఎనిమిది నెలల ఆలస్యం సంపాదించిన వాక్యమది. ఉదయగిరి కొండ మీది పాత మసీదులను చూసినవారికి, అనుమసముద్రంపేట దర్గాకు వెళ్ళివచ్చేవారికి దాని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. మన పల్లెలలో ఎన్ని ఖబరస్తాన్‌లకు కాగితముంది? తాత చెప్పాడు, తండ్రి చూపించాడు, అంతే. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 15న కలెక్టరు విచారణకు, అయిదేళ్ళ ఆచరణ నిబంధనకు సంబంధించిన కొన్ని భాగాలను నిలిపివేసింది కాని, రిజిస్ట్రేషన్ బాధ్యతను నిలపలేదు. కాబట్టి ముతవల్లీలు రెవెన్యూ రికార్డుల నకళ్ళు, పాత రసీదులు, ఇనాము కాగితాలు ఏవి దొరికినా ఒక సంచిలో పెట్టి తీసుకురండి. వ్రాయడం తెలిసిన విశ్రాంత ఉద్యోగులము కొందరం ఇక్కడే ఉన్నాము. వరుస పెట్టి ఇస్తాము, రుసుము అక్కరలేదు.

రెండవ పని, ఆ బల్లమీద ఒక అర్జీ ఉన్నది. ఆత్మకూరు, ఉదయగిరి శాసనసభ్యులకు, మన పార్లమెంటు సభ్యునికి వేర్వేరు ప్రతులు. మన ఆస్తికి, చదువుకు, ఇంటి చట్టానికి తగిలే బిల్లు ఏది వచ్చినా కమిటీకి పంపమని అడగాలని, గొంతు ఓటుతో సరిపెట్టక పేరుపేరునా ఓటు నమోదు చేయమని కోరాలని, సమావేశాలు ముగిసిన తరువాత ఇక్కడికి వచ్చి ఎటు ఓటు వేశారో చెప్పాలని అందులో వ్రాశాము. నాయకులెవరినీ నిందించలేదు. చదవకుండా సంతకం చేయకండి. తప్పు కనిపిస్తే పెన్సిలుతో అక్కడే గుర్తుపెట్టండి, రేపు తిరగవ్రాస్తాము. అసర్ అజాన్‌కు ఇంకా కొంత సమయమున్నది, ప్రశ్నలుంటే అడగండి.