తండ్రి పోలిక



బొంతపల్లిలో నిలబడి వీరభద్రుణ్ణి తలవకుండా నోరు తెరవలేను. శివుడి జటలోంచి పుట్టినవాడాయన. వీరభద్రుడి శిల్పాల్లో పాదాల పక్కన పొట్టేలు తలతో చేతులు జోడించి నిలబడే దక్షుణ్ణి చూసే ఉంటారు. తండ్రి కోపాన్ని పుణికిపుచ్చుకున్న కొడుకు దక్షుడి అసలు తల నరికాడు. పొట్టేలు తల అతికించి మళ్లీ ప్రాణం పోసింది మాత్రం తండ్రే. తండ్రికీ బిడ్డకూ మధ్య గ్రంథాలు చెప్పే పోలిక ఏమిటని ఆలోచించినప్పుడల్లా నాకు ఆ దక్షుడే గుర్తొస్తాడు.

దేవుడు మనుషుల్ని తన స్వరూపంలో, తన పోలికలో చేశాడంటుంది బైబిల్లో ఆదికాండం. ఆ కాలంలో అటువైపు దేశాల్లో అలాంటి మాట ఎక్కువగా రాజులకే చెల్లేది. ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ పేరుకు అర్థమే ఆమోను దేవుడి సజీవ రూపమని. 1979లో సిరియాలోని తెల్ ఫెఖెరియె దగ్గర ఒక పాలకుడి విగ్రహం దొరికింది. ఆదికాండంలోని ఆ రెండు మాటలకు సరిసమానమైన అరమేయిక మాటలే దాని మీద చెక్కి ఉన్నాయి. రాజుకున్న ఆ గౌరవాన్ని ఆదికాండం ఆడా మగా తేడా లేకుండా అందరికీ పంచింది. ఇంతకంటే పెద్ద మాట ఆ పుస్తకంలో లేదని నా నమ్మకం.

అదే పుస్తకం 5వ అధ్యాయంలో ఆదాము తన పోలికలో షేతును కన్నాడని మళ్లీ అవే మాటలు వస్తాయి. అంటే ఇది కన్నవాడికీ బిడ్డకూ ఉండే పోలిక. అందుకే లూకా సువార్త యేసు వంశాన్ని వెనక్కి లెక్కిస్తూ ఆదాము దాకా వెళ్లి, అతడు దేవుని కుమారుడంటుంది. మత్తయి సువార్తలో యేసు ఇంకో అడుగు వేశాడు: మంచివాడి మీదా చెడ్డవాడి మీదా ఒకేలా ఎండ కాయించే తండ్రికి బిడ్డలనిపించుకోవాలంటే శత్రువునూ ప్రేమించమన్నాడు. దక్షుణ్ణి బతికించిన తండ్రి నాకు ఇక్కడా కనిపిస్తాడు.

మన మెదక్ మెతుకుసీమలో, మనిషిది దేవుడి పోలిక అన్న ఈ మాటను చార్లెస్ పాస్నెట్ లాంటి మిషనరీల నోట విన్నవాళ్లలో ఊరి బావిని తాకనివ్వని మాల, మాదిగ కుటుంబాలు ఎన్నో. కరువు రోజుల్లో మెదక్ చర్చి కట్టడం పనే ఎందరికో కూడు పెట్టింది. 1924 డిసెంబర్ 25న ఆ గుడి తలుపులు తెరుచుకున్నాయి.

ఈ పోలిక మాట పాశమైలారంలో ఇంకోలా ఎదురైంది. 2025 జూన్ 30న అక్కడి ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. చాలామంది పొట్ట చేతబట్టుకుని ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. కొన్ని దేహాలకు ముఖం చూసి పోల్చుకునే వీలే లేదు. అయినవాళ్ల నెత్తురు తీసి, డీఎన్‌ఏ సరిచూసి, ఎవరి బిడ్డను వాళ్లకు అప్పగించారు.

ఆదికాండం 9వ అధ్యాయంలో, జలప్రళయం తగ్గాక, తీసిన ప్రతి మనిషి ప్రాణానికీ లెక్క అడుగుతానంటాడు దేవుడు. నరుణ్ణి తన స్వరూపంలో చేయడమే అందుకు కారణమట. పరిహారం ప్రకటిస్తే ఆ లెక్క తీరదు. ఏ షిఫ్టులో ఎవరు లోపలున్నారో, కాంట్రాక్టు కూలీలతో సహా, పేరుపేరునా రాసిన పట్టిక మన పారిశ్రామికవాడల్లో ప్రతి ఫ్యాక్టరీ గేటు దగ్గరా ఉండాలి. ఆ అధ్యాయం చదివినవాడిగా ఈ సభ నుంచి నేను అడుగుతున్నది అదే.