బీమా లేని బండి ఢీకొన్నప్పుడు



చెన్నపట్టణము నుండి పుత్తూరు మీదుగా వచ్చి, మామండూరు అడవిని దాటి కడపకు పోవు 716వ నంబరు జాతీయ రహదారియు, మదనపల్లె నుండి తిరుపతి మీదుగా వచ్చి శ్రీకాళహస్తి, నాయుడుపేటలకు సాగు 71వ నంబరు రహదారియు ఈ రేణిగుంటలోనే కలియుచున్నవి. రైలు కూడలి ఇచటనే ఉన్నది, విమానాశ్రయమును ఇచటనే ఉన్నది. కావున స్వామి దర్శనమునకు వచ్చు యాత్రికుల కార్లును, కర్మాగారముల లారీలును, తోతాపురి కాయలు నింపుకొని వేసవిలో బారులు తీరు ట్రాక్టర్లును, స్టేషను ఆటోలును రేయింబవళ్ళు ఒకే బాటను పంచుకొనవలసి వచ్చుచున్నది. ఇన్ని విధముల బండ్లు తిరుగు చోట, వానిలో కొన్నింటికి బీమా లేదన్నది అందరికిని తెలిసిన సంగతియే. అట్టి బండి మన కారును గుద్దినప్పుడు ఏమి చేయవలెను, ఏమి చేయరాదు అన్నది నేటి ప్రసంగవిషయము. నేను వృత్తిరీత్యా మోటారు నష్టముల సర్వేయరును. నలిగిన బండిని చూచి, దాని మరమ్మతుకు న్యాయముగా ఎంత అగునో లెక్క కట్టి బీమా సంస్థకు నివేదించుట నా పని.

గాయపడినవారి మాట మొదట చెప్పి ముందుకు పోయెదను. మనుష్యులకు దెబ్బ తగిలినచో కారు సంగతి పక్కన పెట్టి ఆసుపత్రికి తీసికొని పోవలెను. 2025 మే నెల నుండి అమలులోనున్న కేంద్ర పథకము ప్రకారము రోడ్డు ప్రమాద బాధితునికి ఏడు దినముల వరకు, లక్షా యాబదివేల రూపాయలకు మించకుండ, నగదు చెల్లింపు లేని చికిత్స లభించును. గుద్దిన బండికి బీమా లేదన్న కారణమున ఈ చికిత్సను నిరాకరించుటకు వీలు లేదు.

ఇక కారు మాట. నేను ముఖ్యముగా చెప్పదలచినది ఒక్కటే: ఎదుటివానికి బీమా లేదని తెలిసిన క్షణమున మనవారు రోడ్డు మీదనే చేసికొను రాజీ, పెక్కు సందర్భములలో ఆ గుద్దు కంటె అధిక నష్టమును కలిగించుచున్నది. ఇది ఎట్లు జరుగునో మీరందరును చూచియే యుందురు. ట్రాక్టరు మలుపు తిరుగుచు వచ్చి కారు ముందుభాగమును నలిపివేయును; పది నిమిషములలో నలుబదిమంది గుమిగూడుదురు; డ్రైవరు చేతులు జోడించి, "ఏదో జరిగిపోయె సామీ, ఇన్సూరెన్సు లేదు, పోలీసులంటే మా ఓనరు ఊరుకోడు, ఈ ఐదువేలు పెట్టుకోండి సామీ" అనును; చుట్టునున్న పెద్దమనుష్యులు, "పోనీయండి సార్, పేదోడు" అందురు; ఎవరో ఒక తెల్లకాగితము తెచ్చి, ఇక మీద మాకు మాకు ఏ సంబంధమును లేదని వ్రాయించి సంతకము పెట్టింతురు. కారు యజమాని దర్శనమునకు జాగగునన్న ఆతురతతోనో, దయతోనో సంతకము చేసి వెళ్ళిపోవును. ఆ దయను నేను తప్పుపట్టుట లేదు. దయ చూపుటకు చట్టములోనే మంచి మార్గములున్నవి, వానిని పిదప చెప్పెదను. కాని ఆ సంతకముతో ఆయన తనకు తెలియకయే రెండు ద్వారములను మూసికొనుచున్నాడు.

మొదటిది, తప్పు చేసినవానిపై పరిహారము కోరు తన హక్కు. రెండవది అంతకంటె సూక్ష్మమైనది. మన సమగ్ర పాలసీ క్రింద మన బీమా సంస్థ మన నష్టమును చెల్లించినప్పుడు, ఆ నష్టమునకు కారకుడైన వానినుండి ఆ సొమ్మును రాబట్టు హక్కు మన స్థానమున ఆ సంస్థకు సంక్రమించును. మనమే ముందుగా "ఏ సంబంధమును లేదు" అని వ్రాసి ఇచ్చినచో, సంస్థ ఏ హక్కుతో వానిని అడుగగలదు? దాని అనుమతి లేక ఎట్టి ఒప్పుకోలు గాని, చెల్లింపు గాని చేయరాదని పాలసీ షరతులలోనే ఉండును. తన హక్కుకు మన చేతులతోనే భంగము కలిగినదని సంస్థ మన క్లెయిమునకు అడ్డుచెప్పినప్పుడు, ఐదువేలు పుచ్చుకొన్నవాడు యాబదివేల మరమ్మతును తానే భరించుటను నేను వృత్తిలో పలుమారులు చూచితిని.

కావున ఆ స్థలమున చేయవలసినది రాజీ కాదు, సాక్ష్యసేకరణము. బండ్లను కదల్చక ముందే, రెండు బండ్లును, వాని నంబరు పలకలును, రోడ్డు మీది చక్రముల గుర్తులును కనబడునట్లు ఫోటోలు తీయవలెను. ట్రాక్టరైనచో ట్రైలరు నంబరును విడిగా తీయుడు. చట్టము దృష్టిలో ట్రైలరును ఒక వాహనమే, దానికి రిజిస్ట్రేషనును, బీమాయును ప్రత్యేకముగా ఉండవలెను. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టినచో బీమా గడువు ఎప్పటివరకు ఉన్నదో అక్కడికక్కడే తెలియును. పిదప ఆ సరిహద్దు గల పోలీసుస్టేషనులో వ్రాతమూలకముగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు పుచ్చుకొనవలెను. ఎవరికిని గాయము లేదు గదా, కేసెందుకని అచట అన్నను, బీమా లేని బండి విషయమున ఆ కాగితమే మనకు ఆధారము. ఎదుటి బండి యజమాని వివరములను, బీమా వివరములను బాధితుడు కోరినప్పుడు ఇయ్యవలసిన బాధ్యత మోటారు వాహనముల చట్టము 160వ సెక్షను ప్రకారము రిజిస్టరింగు అధికారికిని, స్టేషను అధికారికిని ఉన్నది.

ఇచట బండిని గూర్చి ఒక హెచ్చరిక చేయక తప్పదు. ముందునుండి గుద్దు తగిలిన కారులో బంపరు వెనుకనే ఏ.సి. కండెన్సరు, దాని వెనుక రేడియేటరు ఉండును. పైకి బంపరు మాత్రమే చీలినట్లు కనబడును. కాని వంగి చూచినచో క్రింద రోడ్డు మీద పచ్చనిదో, ఎఱ్ఱనిదో నీరు చుక్కలుచుక్కలుగా పడుచుండును. అది కూలెంటు. ఇంజను స్టార్టు అగుచున్నది గదా, తిరుపతి దాక మెల్లగా పోదమని బయలుదేరినవారికి, కరకంబాడి రోడ్డు చేరులోపలనే వేడిసూది పైకి లేచి, హెడ్డు వంగి, పిస్టనులు పట్టివేయును. ముందుభాగపు నష్టము ప్రమాదము వలన కలిగినది గనుక సంస్థ చెల్లించును. ఇంజను నష్టము ప్రమాదము తరువాత మనము నడపుట వలన కలిగినది గనుక చెల్లింపదు. అట్టి ఇంజనును విప్పి చూచినప్పుడు, యజమాని ఎంత మంచివాడైనను, ఆ రెండింటిని విడదీసి వ్రాయక నాకు గత్యంతరము లేదు. నీరు కారుచున్నచో తాళము తీసి, బండిని లాగించుకొని పొండు. సమీపమునగల వర్కుషాపుకు చేర్చు ఖర్చును కారు పాలసీలో సాధారణముగా 1,500 రూపాయల వరకు చెల్లింతురు.

బీమా లేనివాడు గుద్దినను, మన కారుకు సమగ్ర పాలసీ ఉన్నచో మన సంస్థయే మరమ్మతు భరించును. తప్పెవరిదన్న ప్రశ్న అచట లేదు. అయితే పూర్తిగా భరింపదు. నాలుగవ ఏడు నడచుచున్న చిన్న కారును తీసికొందము. బానెట్టు 8,000, బంపరు 6,000, ప్లాస్టిక్ హెడ్‌లైటు 7,000, ముందు అద్దము 5,000, రంగు 12,000, కూలి 10,000, మొత్తము 48,000 రూపాయల బిల్లు అనుకొందము. ఆ వయస్సు గల బండికి లోహభాగముల మీద నూటికి 25 తరుగుదల, అనగా బానెట్టు మీద 2,000 కోత. ప్లాస్టిక్, రబ్బరు వస్తువులకు బండి క్రొత్తదైనను పాతదైనను సగము కోత. బంపరు మీద 3,000, లైటు మీద 3,500. అద్దమునకు కోత లేదు. రంగు బిల్లులో నాలుగవ వంతును సరకు విలువగా లెక్కించి దానిలో సగము, అనగా 1,500 తీసివేయుదురు. కూలికి కోత లేదు. ఇట్లు 10,000 పోగా, 1,500 సీ.సీ.కి మించని కారుకు తప్పనిసరి మినహాయింపు 1,000 కూడ పోయి, సంస్థ 37,000 చెల్లించును, యజమాని 11,000 భరించును. జీరో డిప్రిసియేషను కవరు కొనినవారికి ఈ తరుగుదల కోత ఉండదు.

దీనికి తోడు, ఎదుటివాని తప్పే అయినను, మనము క్లెయిము చేసినందున మన నో క్లెయిము బోనసు పోవును. ఇది అన్యాయమని యజమానులు నాతో వాదించుచుందురు. నా మనస్సును వారి వైపే ఉన్నది, కాని నేటి నియమము అదియే. ఆ బోనసు మొదటి ఏట నూటికి 20తో మొదలై ఐదేండ్లకు 50కి చేరును గనుక, చిన్న గీతలకు క్లెయిము చేయునప్పుడు వచ్చు ఏటి ప్రీమియములో ఎంత పెరుగునో ముందు అడిగి తెలిసికొనవలెను.

ఆ 11,000 రూపాయలును, కారు వర్కుషాపులో ఉన్నన్నాళ్ళు టాక్సీలకైన ఖర్చును గుద్దినవాని నుండి కోరవచ్చును. కేవలము థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే గల పాత కారుల యజమానులకైతే మొత్తము నష్టమునకును ఇదియే మార్గము; వారి పాలసీ వారి సొంత బండికి పైసా ఇయ్యదు. మోటారు ప్రమాద పరిహార ట్రైబ్యునలు ప్రాణనష్టమునకు మాత్రమే అని చాలమంది భ్రమపడుదురు. ఆస్తినష్టమును అచట కోరవచ్చును. యాత్రికుడైనచో మరల మరల ఇచటికి రానక్కరలేదు. తాను నివసించు చోటి ట్రైబ్యునలులోనే దాఖలు చేయుటకు 166వ సెక్షను అనుమతించుచున్నది. 2022 ఏప్రిల్ 1 నుండి ఈ దరఖాస్తుకు ఆరు నెలల గడువు విధింపబడినది. దానిపై న్యాయవివాదములున్నను, ఆ గడువు లోపలనే దాఖలు చేయుట వివేకము.

ఎవరిపై దాఖలు చేయవలెను? డ్రైవరుపైనను, రిజిస్ట్రేషను పుస్తకములో పేరు గల యజమానిపైనను. "ఆ బండి ఎప్పుడో అమ్మేసినాను" అను సమాధానము మన ప్రాంతమున తరచు వినబడును. అమ్మినను పేరు మార్పించనిచో, రికార్డులో ఉన్నవాడే యజమాని, అతడే బాధ్యుడు అని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఈ సభలో పాత బండ్లు అమ్మినవారెవరైన ఉన్నచో రేపే రవాణా కార్యాలయమునకు పోయి చూచికొనుడు. ఆర్టీసీ బస్సు గుద్దినచో సంగతి వేరు. అట్టి ప్రభుత్వ రవాణా సంస్థలు సొంత నిధి ఏర్పరచుకొని బీమానుండి మినహాయింపు పొందుటకు 146వ సెక్షను వీలు కల్పించినది గనుక, అచట బీమా కాగితము కొరకు వెదకక నేరుగా సంస్థపైననే కోరవలెను.

ఈ దేశమున థర్డ్ పార్టీ బీమా 1939 చట్టము క్రింద 1946 జూలై 1 నుండి నిర్బంధముగా ఉన్నది. కోయంబత్తూరు ఎముకల వైద్యులు డాక్టరు రాజశేఖరన్ వేసిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశముచే, 2018 సెప్టెంబరు నుండి క్రొత్త కారుకు మూడేండ్లకును, ద్విచక్ర వాహనమునకు ఐదేండ్లకును ఒక్కసారే బీమా చేయించవలసి వచ్చినది. ఆ గడువు ముగిసిన పిమ్మటనే అశ్రద్ధ మొదలగుచున్నది. మొదటిసారి పట్టుబడినచో జరిమానా 2,000 రూపాయలు. 2022లో నిర్ణయించిన రేటు ప్రకారము వేయి సీ.సీ.కి మించని కారు థర్డ్ పార్టీ ప్రీమియము ఏడాదికి 2,094. ప్రీమియము కంటె జరిమానా తక్కువైనప్పుడు చట్టమునకు భయపడువాడెవడు? బ్రిటనులో బీమా లేని బండ్ల బాధితులకు చెల్లించుటకై బీమా సంస్థల సంఘమొకటి 1946 నుండి పనిచేయుచున్నది. మన దేశమున గుద్ది పారిపోయిన బండ్ల విషయమున మృతుని కుటుంబమునకు రెండు లక్షలు, తీవ్రముగా గాయపడినవానికి యాబదివేలు ఇచ్చు పథకము మాత్రమే ఉన్నది. నలిగిన కారుకు అందులో ఏమియు లేదు. ఈ లోటు పూడ్చబడవలెనని నేను మనస్ఫూర్తిగా కోరుచున్నాను.

గెలిచినను వానివద్ద సొమ్మెక్కడిది అని మీరడుగుదురు. బీమా లేని బండి ప్రమాదమునకు కారణమైనచో, తగిన హామీ లేక దానిని విడుదల చేయరాదనియు, హామీ రానిచో వేలము వేసి ఆ సొమ్మును ట్రైబ్యునలులో జమ చేయవలెననియు 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రములకు సూచించినది. అందుచేతనే మొదటి దినమున ఫిర్యాదు ఇచ్చుట ముఖ్యము. బండి విడుదలై పోయిన పిదప పట్టుకొనుట దుర్లభము. తీర్పు సొమ్మును 174వ సెక్షను క్రింద కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయివలె వసూలు చేయింపవచ్చును.

ఎదుటివాడు నిజముగా పేదవాడైనచో, వానిపై దయ చూపదలచినవారికి లోక్ అదాలతు ఉన్నది. న్యాయసేవల సంస్థవారికి దరఖాస్తు ఇచ్చిన చాలును, రుసుము లేదు, కేసు వేయక ముందే ఇరువురిని పిలిపింతురు. అచట మీరు సగము తగ్గింపవచ్చును, నెలకింతయని వాయిదాలు ఇయ్యవచ్చును. మీ బీమా సంస్థ తరఫువారిని కూడ పిలిపించినచో దాని హక్కుకు భంగము లేదు. అచటి అవార్డు కోర్టు డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు. రోడ్డు మీది తెల్లకాగితమునకు ఆ బలమెక్కడిది?

మీ సంస్థయే మీకు అన్యాయము చేసినదని తోచినచో, ముందు దానికే వ్రాతమూలకముగా ఫిర్యాదు చేసి నెల దినములు వేచియుండి, పిదప ఏడాది లోపల హైదరాబాదులోని బీమా ఆంబుడ్సుమనునకు వ్రాయుడు. వకీలు అక్కరలేదు, రుసుము లేదు, యాబది లక్షల వరకు ఆయన విచారింపగలరు. సర్వేయరు నివేదిక ప్రతిని అడిగి పుచ్చుకొని దానితో జతపరచుడు. నావంటివాడు ఎచట ఎంత కోసెనో అందులో పంక్తి పంక్తికి ఉండును.

పాలసీ కాగితములు వెంట తెచ్చినవారు ముందుకు రండు. మొదటి పుటలో మీది సమగ్ర పాలసీయా, థర్డ్ పార్టీ మాత్రమేనా అన్నది చూచి చెప్పెదను.