తాళం మార్చుకోగల పెట్టె
(పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆఫీసులో బీరువా తాళంచెవి పరాయి చేతిలో పడితే బీరువాను పారవేసేవాళ్లం కాదు. తాళం మార్పించేవాళ్లం. నేను మనవి చేయబోయే విషయానికి ఇదే మూలసూత్రం.

వేడినీ, తేమనూ, కదలికనూ కొలిచి రేడియో ద్వారా కబురు పంపే చిన్న చిన్న పెట్టెల సముదాయాన్ని వైర్‌లెస్ సెన్సార్ నెట్‌వర్క్ అంటారు. 2002 వేసవిలో అమెరికాలోని మెయిన్ రాష్ట్రానికి చెందిన గ్రేట్ డక్ దీవిలో బర్క్లీ విశ్వవిద్యాలయం వారు ఇటువంటివి 32 అమర్చారు. సముద్రపక్షుల బొరియల్లోని వాతావరణాన్ని, వాటిని బెదరగొట్టకుండానే తెలుసుకున్నారు. ఒక్కొక్క పెట్టెకు ఆధారం రెండు పెన్సిల్ బ్యాటరీలే.

పక్షుల కబురు ఎవరు విన్నా నష్టం లేదు. అదే పరికరం రోగి గుండెకో, వంతెనకో అమర్చితే? రేడియో కబురును ఇతరులు వినవచ్చు, తప్పుడు కబురు కలపనూవచ్చు. అందుకే దానిని రహస్య సంకేతాలలోకి మార్చి పంపాలి. ఆ లెక్కలకు బ్యాటరీ ఖర్చవుతుంది.

సాధారణ ప్రాసెసర్ ఏ లెక్కయినా చేస్తుంది గాని కరెంటు ఎక్కువ తింటుంది. ఆ ఒక్క లెక్క కోసమే చేసిన చిప్ పొదుపుగా పనిచేస్తుంది, కాని దానిని తరువాత మార్చలేము. ఈ రెంటికీ మధ్యేమార్గం ఎఫ్.పి.జి.ఎ. చిప్. 1985లో జైలింక్స్ సంస్థ దీనిని మార్కెట్‌లోకి తెచ్చింది. ఫ్యాక్టరీ దాటి వచ్చాక కూడా దీని లోపలి అమరికను మార్చుకోవచ్చు.

మార్చవలసిన అవసరం ఏమిటంటారా? 1977లో ప్రమాణంగా నిర్ణయించిన డి.ఇ.ఎస్. తాళాన్ని 1998లో ఒక యంత్రం 56 గంటల్లో ఛేదించింది. 2001లో ఎ.ఇ.ఎస్. వచ్చింది. చిన్న పరికరాల కోసం 2023లో ఆస్కాన్‌ను ఎంపిక చేసి, 2025లో ప్రమాణంగా ప్రకటించారు. ఏళ్ల తరబడి ఒకేచోట ఉండే పెట్టెకు తాళం మార్చే వీలు లేకపోతే, ఆ పెట్టె పని చేస్తూనే ఉంటుంది గాని దానిని నమ్మడానికి ఉండదు.

అయితే తాళం మార్చే దారి దొంగకూ దారి కాగలదు. కనుక కొత్త అమరిక వచ్చినప్పుడల్లా, అది అసలు యజమాని పంపినదేనా అని డిజిటల్ సంతకం చూసి మరీ చిప్ అంగీకరించాలి. మన పెన్షన్ కాగితాల మీద సంతకం సరిపోల్చినట్లే!

చివరిగా ఒక్క మాట. మన పిల్లలు ఇంటికి కెమెరాయో, ఆరోగ్యం చూసే గడియారమో తెస్తే ధర ఒక్కటే అడిగి ఊరుకోకండి. "దీని భద్రతకు కంపెనీవాళ్లు ఎన్నేళ్లు మార్పులు పంపుతారు?" అని అడగండి. పెట్టెతో పాటు వచ్చిన పాస్‌వర్డ్ ఉంటే మొదటిరోజే మార్పించండి. తాళాల విలువ తెలిసిన తరం మనది.