దేశాంతరగమనము - బాలుర మానసిక చికిత్స

(కల్వకుర్తి వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



 నిన్నటినుండి పెద్దలు విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు, వివాహములందలి దుర్వ్యయమును గూర్చియు చక్కగా నుపన్యసించిరి. మేము ఎత్తుకొన్న విషయము మన యిండ్లలో తలుపు మూసికొని మాటలాడుకొనునది. మనోవ్యాధికి మందు పుచ్చుకొనుచున్న బిడ్డను తీసికొని తల్లిదండ్రులు పరదేశమునకు పోవునపుడు ఆ మందు ఏమగును? ఇందు మా తప్పు కూడ నొకటి ఒప్పుకొనవలసి యున్నది.

పాలమూరు సీమవారికి వలస క్రొత్త కాదు. తట్టయు పారయు పట్టుకొని మనవారు దేశమంతట ఆనకట్టల పనులకు పోయిరి. పోవునపుడు జొన్నరొట్టెల సద్ది కట్టుకొని పోయిరి. నేడు ఆ యిండ్ల మనుమలు డల్లాసునకును, న్యూజెర్సీకిని, దుబాయికిని పోవుచున్నారు. మామిడికాయ తొక్కును, కారప్పొడిని తూచి తూచి పెట్టెలలో సర్దుదురు. బిడ్డ మందుచీటి మాత్రము ఏ పెట్టెలోను కానరాదు.

మా దౌహిత్రుని సంగతి చెప్పెదము. వాని పేరు చెప్పము. ఈ మాట సభలో చెప్పుటకు వాని యనుమతియు, వాని తల్లి యనుమతియు గైకొంటిమి. వాని ఏడవయేట హైదరాబాదులో నొక వైద్యుడు వానిని పరీక్షించి, ఏకాగ్రతాలోపమును అతిచాంచల్యమును కలసిన రుగ్మత యని నిర్ణయించెను. వైద్యులు దీనిని ఏ.డి.హెచ్.డి. యందురు. మిథైల్‌ఫెనిడేట్ అను మందు వ్రాసెను.

మేము 33 సంవత్సరములు బడిపంతులముగా నుంటిమి. అట్టి పిల్లలు ఏటేట మా తరగతులలో నుండిరి. కూర్చుండుమన్న లేచువాడు, వ్రాయుచు వ్రాయుచు కిటికీ చెంతకు పోవువాడు, పుస్తకము ఎచ్చట పెట్టెనో ఎఱుగనివాడు. వారి చేతులపై మా బెత్తములు విఱిగినవే గాని వారి చాంచల్యము తగ్గలేదు. అయినను మనుమనికి మందనగా మాకు రుచింపలేదు. పసివాడు మత్తునకు అలవాటు పడునంటిమి. మందు మొదలుపెట్టిన రెండుమాసములకు వాడు మా యెదుట కూర్చుండి రామశబ్దమును అన్ని విభక్తులలోను తప్పులేక అప్పగించెను. అది చెవులార వినియు మా మొండితనము మేము విడువలేదు.

అంతలో అల్లునికి అమెరికాలో ఉద్యోగమైనది. అప్పుడు మేము చెప్పిన సలహా యిది: "క్రొత్త దేశము, క్రొత్త బడి. మీ సంగతి యెవరికిని తెలియదు. ఈ మందును ఇక్కడనే విడిచిపొండు." వైద్యుని కాగితములు చుట్టపక్కముల కంట బడకుండ మేమే అటకమీద దాచితిమి. తండ్రిమాట, అందును పంతులుమాట. కాదనలేక అమ్మాయి ఒక్క మాసమునకు సరిపడు మాత్రలు మాత్రము తీసికొని పోయినది. అవి అయిపోయిన తరువాత అచట నొక వైద్యశాలకు పోగా, హైదరాబాదు చీటి అంగడిలో చెల్లదనియు, పూర్వపు కాగితములు లేనందున పరీక్షలన్నియు మొదటినుండి జరుగవలెననియు చెప్పిరి. ఏడు వారములు గడచెను. ఆ నడుమ నొకనాడు బిడ్డ తరగతినుండి లేచి వీధిలోనికి పరుగెత్తెను. బండి నడుపువాడు ఆపగలిగెను గాన బ్రతికెను. ఆ రాత్రి మాకు ఫోను వచ్చినది. అమ్మాయి మమ్ము ఒక్కమాట అనలేదు. ఆ ఫైలు ఎక్కడ నున్నదని మాత్రము అడిగినది. మేము నిచ్చెన వేసికొని అటక యెక్కితిమి.

చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధద్రవ్యము, ఉపచారము చేయువాడు, రోగి. మేము ఈ పాఠమును ఎన్నిమాఱులు చెప్పితిమో లెక్కలేదు. విమాన మెక్కునపుడు ఈ నాలుగింటిలో రెండే యెక్కును. బిడ్డయు, తల్లిదండ్రులును పోవుదురు. వైద్యుడు ఇచటనే నిలిచిపోవును. ద్రవ్యమును కొన్నిదినములకే తీఱిపోవును. ఆ రెండు పాదములను అచట మరల నిలుపవలెనన్న కాగితము కావలెను. అదే సంహితయందు ఉన్మాదమునకు నిదానస్థానములో నొక అధ్యాయమును, చికిత్సాస్థానములో నొక అధ్యాయమును గలవు. జ్వరమువలెనే అదియు నొక వ్యాధియని పూర్వులు వ్రాసి పెట్టిరి. మనము మాత్రము కోపము వచ్చిన "ఎర్రగడ్డకు పంపవలె" నని తిట్టుదుము. వైద్యశాల పేరు తిట్టుగా మాఱిన తరువాత అచటికి బిడ్డను తీసికొనిపోవుటకు ఏ తల్లికి కాలాడును?

మిథైల్‌ఫెనిడేట్ నిన్న మొన్నటి వింత కాదు. స్విట్జర్లాండులోని సీబా సంస్థయందు పానిజోన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1944లో దీనిని తయారుచేసెను. భార్య రీటా పేరుమీద రిటాలిన్ అని పిలిచిరి. అంతకు ముందే, 1937లో, అమెరికాలో బ్రాడ్లీ అను వైద్యుడు ఇట్టి ఉత్తేజకముల నిచ్చినచో చంచలులైన బాలురు కుదురుగా నుందురని ప్రకటించెను. దీని పని కొన్ని గంటలు మాత్రమే. మానినచో ప్రాణభయము లేదు గాని, పాత చాంచల్యము వెంటనే మరల వచ్చును. మా మనుమని విషయమున జరిగినది ఇదియే.

అన్ని మందులును ఇట్టివి కావు. విషాదమునకును, భయమునకును ఇచ్చు సెర్ట్రలిన్ వంటి మందులను ఒక్కసారి ఆపినచో తల తిరుగుట, నిద్ర పట్టకపోవుట, చిరాకు కలుగవచ్చును. మూర్ఛకును, ఉద్వేగవ్యాధికిని ఇచ్చు వాల్‌ప్రోయేట్‌ను హఠాత్తుగా విడిచినచో మూర్ఛలు రావచ్చును. క్లోనిడిన్‌ను అట్లు విడిచినచో రక్తపుపోటు ఒక్కుమ్మడి పెరుగవచ్చును. కావున మందు తగ్గింపవలసియున్నను అది వైద్యుడు చెప్పిన క్రమముననే, ప్రయాణమునకు చాల ముందుగానో, క్రొత్తచోట కుదుటపడిన తరువాతనో జరుగవలెను గాని, పెట్టెలు కట్టు వారమున జరుగరాదు.

ఇక శాసనముల సంగతి. 1971లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికలో మిథైల్‌ఫెనిడేట్ నియంత్రిత ద్రవ్యముగా చేర్చబడినది. మన దేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమును, అమెరికాలో 1970 నాటి చట్టమును దీనికి వర్తించును. అమెరికాలో ఒక చీటికి ఒక్కమాఱే ఇత్తురు. మరల కావలసినచో మరల చీటి వ్రాయించుకొనవలెను. ఎమిరేట్సునకు పోవువారు ఇట్టి మందులు తమవెంట తెచ్చుకొనుటకు అచటి ప్రభుత్వపు అనుమతిని ముందుగానే పొందవలెను. జపానులోనికి ఆంఫెటమిన్ గల మందులను తీసికొనిపోవుట వైద్యుని చీటి యున్నను నిషిద్ధము. ఇట్లుండగా మనవారు కొందఱు ఊరినుండి వచ్చువారిచేత తొక్కుడబ్బాలనడుమ మాత్రలు పెట్టి పంపించుచున్నారు. అది పట్టుబడినచో తెచ్చిన అమాయకుడు చిక్కులలో పడును. కొరియరులో పంపుటయు నట్టిదే.

తిరిగివచ్చువారికిని కష్టమున్నది. ఆడెరాల్ అను మందు అమెరికాలో విరివిగా వ్రాయుదురు. మన దేశపు అంగళ్లలో అది లేదు. అది పుచ్చుకొను బిడ్డతో ఊరికి మరలి రాదలచినవారు, బదులు మందేదో అచటి వైద్యునితోనే ముందుగా నిశ్చయించుకొనవలెను.

పేరుల గందరగోళ మింకొకటి. మన పారాసిటమాల్‌ను అమెరికాలో అసెటామినోఫెన్ అందురు. మిథైల్‌ఫెనిడేట్ ఇచట ఇన్‌స్పైరల్ అనియు, అచట కాన్సెర్టా అనియు దొరకును. అందును నాలుగు గంటలు పనిచేయునది వేఱు, పండ్రెండు గంటలు పనిచేయునది వేఱు. కావున అట్టమీది వ్యాపారనామము గాక మందు అసలు పేరు, మోతాదు, వేళ, ఏ తీరు మాత్రయో, ఎప్పటినుండి వాడుచున్నదో, ఇదివఱకు ఏవి వాడి మానితిమో, బిడ్డ బరువును రక్తపుపోటును ఎట్లున్నవో — ఇవన్నియు వైద్యునిచేత ఇంగ్లీషున వ్రాయించి సంతకముతో తీసికొనవలెను. ఈ యుత్తేజకములు ఆకలిని తగ్గించును గనుక బరువు లెక్క తప్పక యుండవలెను. వైద్యుడు తీఱిక లేదన్నచో, 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము 25వ విభాగమున చికిత్సాపత్రములను పొందు హక్కు గలదని మర్యాదగా జ్ఞాపకము చేయవచ్చును. మాత్రలను అంగడినుండి వచ్చిన అట్టలతోనే, చేతిసంచిలో ఉంచుకొనవలెను. టిక్కెట్టు కొన్ననాడే అచటి బాలవైద్యునితో వేళ కుదుర్చుకొనుట మేలు.

అమెరికా బడులలో మందు పిల్లవాని జేబులో నుంచరాదు. బడి నర్సు వద్ద నుంచుదురు. అచట 1973 నాటి చట్టము 504వ విభాగము ననుసరించి ఇట్టి బాలురకు పరీక్షలలో అదనపు కాలము, ముందువరుసలో చోటు మొదలగు సదుపాయములు అడుగవచ్చును. మా మనుమని తల్లిదండ్రులు మొదట అడుగలేదు. కారణము మీరెఱుగుదురు. ఆ బడిలో మనవారి పిల్లలు నలుగురున్నారు. వారి తల్లులకు తెలిసినచో కల్వకుర్తికి తెలియును. కల్వకుర్తికి తెలిసినచో వాని చెల్లెలికి రేపు సంబంధము రాదు. తొమ్మిదేండ్ల బాలుని మందు నిర్ణయమున ఆఱేండ్ల బాలిక వివాహము అడ్డు వచ్చినది! ఈ భయమును ఆ యింట నాటినవారము మేమే. సంబంధములు చూచు పెద్దలు ఈ సభలోనే పలువురున్నారు. "ఆ పిల్లవానికి ఏదో మందట" అను మాట మీ చెవిని బడినపుడు దానిని ఇంకొక చెవికి అందింపకుందురేని, మన సంఘమున పలువురు తల్లులు అటకలు దిగుదురు.

ఊరిలోనే యుండి దిక్కుతోచనివారికి 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ గలదు. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే మాటలాడుదురు. పేరు చెప్పవలసిన పనిలేదు.

కార్యవర్గమునకు ఒక విన్నపము. విదేశములందున్న మన సంఘపు వైద్యుల పట్టికను, వారి సమ్మతితో, సంఘకార్యాలయమున నుంచిన బాగుండును. క్రొత్తగా పోవు కుటుంబమునకు ఏ బాలవైద్యుని చూడవలెనో చెప్పువాడొక్కడు దొరకినను మా అమ్మాయి పడిన ఏడు వారములు మఱియొకరికి తప్పును.

మా మనుమనికిప్పుడు పదునాలుగేండ్లు. నిరుడు వేసవిలో వచ్చినపుడు తన మందు అట్టను, వైద్యుని లేఖను తానే ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకొని వచ్చెను. ఉదయము ఫలహారము కాగానే, మేము అడుగకమునుపే, మాత్ర వేసికొనెడివాడు. ఆ లేఖ ఎట్లు వ్రాయింపవలెనో తెలియుటకు నకలొకటి వానినడిగి ఉంచుకొంటిమి. వాని పేరును, వైద్యుని పేరును తుడిపివేసితిమి. కావలసినవారు సభ ముగిసిన తరువాత మా యింటికి వచ్చి వ్రాసికొని పోవచ్చును. సాయంకాలము ఆఱుగంటల తరువాత ఇంటనే యుందుము.