వీరుడు, వేల్పు, పాచిక



గ్రేటర్ నోయిడా వయస్సున చిన్న ఊరు. దీని అభివృద్ధికై ప్రాధికార సంస్థ ఏర్పడినది 1991లో. పేటలకు ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అని గ్రీకు అక్షరముల పేర్లు పెట్టినారు. పురాణముతో ఏ సంబంధమును లేని ఊరని క్రొత్తగా బదిలీపై వచ్చిన తెలుగు ఉద్యోగి అనుకొనుట సహజము. కాని ఈ పరిసరములలోనే బిస్రఖ్ అను గ్రామము కలదు. అది విశ్రవసుని ఆశ్రమస్థానమనియు, రావణుడు అచ్చటనే జన్మించెననియు గ్రామస్థుల విశ్వాసము. ఉత్తరదేశమంతయు దసరానాడు రావణుని బొమ్మను తగులబెట్టి సంతోషించుచుండగా, ఆ ఊరిలో అది ఆచారము కాదు. మరియొక దిక్కున దన్‌కౌర్ ఉన్నది. అచ్చట ద్రోణాచార్యుని గుడి కలదు. ఏకలవ్యుని కథయు ఆ నేలపైననే జరిగినదని చెప్పుకొందురు. ద్రోణుడు తమవాడని గుడ్‌గావ్ వారును అందురు. 2016లో ఆ ఊరిని గురుగ్రామముగా మార్చుటకు ఆ ప్రతీతియే ఆధారము. ఆ తగవు తీర్చుట ఈ సభ పని కాదు.

వేల్పు నుండి వరము పొందినవాడు ఒకడు. మట్టితో గురువును చేసికొని కొలిచినవాడు మరియొకడు. ఈ ఇరువురి నడుమ నిలిచియున్నది నేటి ప్రసంగ విషయము. వీరునకును వేల్పునకును గల సంబంధమును ఆటగా ఆడవలెనన్నచో, ఆ ఆటకు ఎట్టి నియమములు వ్రాయవలెను?

ఆట యనగా ఇచ్చట పరుగుపందెము కాదు, చదరంగమును కాదు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టు కూర్చుందురు. ఒకరు సూత్రధారి. తక్కినవారు తలకొక వీరుని పాత్ర ధరింతురు. వేషము లేదు, మాటలే. సూత్రధారి సన్నివేశమును వర్ణించును; ఆటగాడు తన వీరుడు ఏమి చేయునో చెప్పును; ఫలితము సందేహమైనచోట పాచిక వేయుదురు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు అమెరికనులు 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేర దీనిని అచ్చు వేయించిరి. నేడు ఈ ఆట మన కాలేజీ విద్యార్థులకును క్రొత్త కాదు.

ఆ ఆటలో దేవతలు ఎట్లు ప్రవేశించిరో తెలిసికొనుట అవసరము. 1976లో గాడ్స్, డెమిగాడ్స్ అండ్ హీరోస్ అను అనుబంధ గ్రంథము వెలువడినది. గ్రీకు, ఈజిప్టు దేవతలతోపాటు మన దేవతలును అందులో చేరిరి. ఒక్కొక్క వేల్పునకు కవచబలమునకు ఒక అంకె, ప్రాణబలమునకు ఒక అంకె కేటాయించిరి. ప్రాణమునకు అంకె వేసిన పిమ్మట దానిని సున్నకు దింపవలెనను కోరిక ఆటగానికి పుట్టక మానునా? ఇంద్రుడు కూడ ఒక పెద్ద మృగమువలె వేటకు లక్ష్యమగును. ఇది దైవదూషణమని కోపించుటకన్న ముందు, ఇది కథగా చప్పనిదని గ్రహించుట మేలు. వేల్పును కొట్టి గెలిచిన కథను తిరిగి చెప్పించుకొనువారు ఉండరు.

1978లో వచ్చిన రూన్‌క్వెస్ట్ ఇంతకన్న లోతుగా ఆలోచించినది. అందులో వీరుడు ఒక వేల్పు కొలువులో చేరును. కాలములో కొంత, సంపాదనలో కొంత సమర్పించును. ఆపదలో వేల్పును పిలువదలచినచో ఒకటి మొదలు నూరువరకు అంకెలు పడు పాచికలు వేయవలెను. పడిన అంకె వీరుని ఆత్మబలమునకు మించనిచో వేల్పు ఆదుకొనును; కాని పడిన అంకెయంత ఆత్మబలము తగ్గిపోవును. పిలుపునకు వెల యున్నదని ఈ నియమము చక్కగా చెప్పినది. అయినను ఇది ఇంకను లెక్కయే. బ్యాంకు ఖాతాలో నిలువ చూచుకొని చెక్కు వ్రాసినట్లుండును.

మన ఇండ్లలో వైకుంఠపాళి లేదా అని ఎవరైన అడుగవచ్చును. ఉన్నది. శివరాత్రి జాగరమునకు, ముక్కోటి ఏకాదశికి పెద్దలును పిల్లలును కలిసి ఆడినదే. నిచ్చెన పుణ్యమనియు, పాము పాపమనియు పటముపై తెలియుచునే యున్నది. కాని గవ్వలు చెప్పినట్లు కాయ నడచునే కాని, ఆటగాడు ఎంచుకొనునది ఏమియు లేదు. పాపము చేయకయే పాము నోట పడును. అది కర్మను గూర్చిన ఆట. వీరుడు వేల్పు ఎదుట నిలిచి ఏదో ఒకటి కోరవలెను, లేదా కాదనవలెను. అందులకు ఆ పటముపై గడి లేదు.

కోరిన వీరునకు బిస్రఖ్ గ్రామపు బిడ్డ కన్న గొప్ప ఉదాహరణము దొరకదు. రావణుడు తపస్సు చేసి, వేయేండ్లకొక తల చొప్పున తొమ్మిది తలలు అగ్నికి అర్పించి, పదవ తల నరుకబోవగా బ్రహ్మ ప్రత్యక్షమయ్యెను. గరుడులు, నాగులు, యక్షులు, దైత్యులు, దానవులు, రాక్షసులు, దేవతలు – వీరివలన చావు వలదని అతడు కోరెను. మనుష్యులను గడ్డిపోచగా ఎంచి విడిచిపెట్టెను. కార్యాలయములలో ఉత్తరువులకు చిత్తుప్రతులు వ్రాయువారికి ఇందలి రుచి వెంటనే తెలియును. అర్జీదారుడే చిత్తుప్రతి వ్రాసికొని తెచ్చినాడు. అధికారి ఒక్క అక్షరమును దిద్దక సంతకము చేసినాడు. విడిచిన ఒక్క పదమే తరువాత లంకను కాల్చినది. బ్రహ్మను నిందింప వీలులేదు. అడిగినదంతయు ఇచ్చినాడు.

కావున వరమునకు నియమము ఇట్లుండవచ్చును. వరము కోరు ఆటగాడు దానిని తన మాటలలో కాగితముపై వ్రాయవలెను. సూత్రధారి దిద్దరాదు, హెచ్చరింపరాదు, నవ్వనురాదు. వ్రాసినది వ్రాసినట్లు ఫలించును. వ్రాయక విడిచినదియు ఒకనాడు ఫలించును. దీనికి పాచిక అక్కరలేదు. వెల మాత్రము ముందే చెల్లవలెను: రావణుడు తలలు ఇచ్చినట్లు, ఆటగాడు తన వీరుని గుణములలో ఒకదానిని – వాక్చాతుర్యమో, విలువిద్యయో, ఒక స్నేహితునో – శాశ్వతముగా వదలుకొనవలెను. 1958 నాటి భూకైలాస్ చిత్రమును చూచినవారికి ఎన్.టి. రామారావు ధరించిన రావణుడు జ్ఞాపకముండును. ఆత్మలింగమును నేల దింపరాదని ఒకటే షరతు. ఆ షరతు చేతిలో నున్నంతకాలము ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టును. ఆటలోను వరముకన్న షరతే రక్తి కట్టించును.

ఏకలవ్యుని విషయము ఇంత తేలిక కాదు. అతడు ఎవరినీ వరమడుగలేదు. ద్రోణుడు శిష్యునిగా అంగీకరింపనందున అడవికి పోయి, మట్టితో గురువును చేసికొని, దాని ఎదుట సాధన చేసెను. విద్య వచ్చినది. ఎవరిచ్చిరి? మట్టియా, ద్రోణుడా, ఏకలవ్యుని భుజబలమా? భారతము ఈ ప్రశ్నకు జవాబు చెప్పక, ద్రోణుని తిన్నగా అడవికి నడిపించి, కుడిచేతి బొటనవ్రేలు అడిగించినది. పొందునపుడు విగ్రహము, చెల్లించునపుడు మనిషి! ఆటగా మలచినచో ఈ ఘట్టమువద్ద పిల్లలు అలుగుదురు, అలుగవలెను కూడ.

వేల్పు అనుమతి లేకయే వేల్పును కొలువవచ్చునని మొదటి నియమము. సాధనవలన బలము మెల్లగా వచ్చును. ఎవరును దానిని వరమువలె వెనుకకు తీసికొనలేరు. కాని కథలో ఎప్పుడో ఒకప్పుడు ఆ మట్టిబొమ్మకు అసలు రూపమైనవాడు వచ్చి దక్షిణ అడుగును. అపుడు ఆటగాడు ఇయ్యవచ్చును, నిరాకరింపవచ్చును. ఏకలవ్యుడు నిరాకరింపలేదు గదా యని ఆటగాని చేయి నిర్బంధించినచో అది పురాణశ్రవణమగును, ఆట కాదు. నిరాకరించినవానికి శిక్ష యేమి? చాలమంది నియమకర్తలు ఇచ్చట బలమును కొంత కోసివేయుదురు. అట్లు కోసినచో నియమము తెలియకుండనే ద్రోణుని పక్షము వహించినట్లు. విద్య విద్యగానే యుండవలెను. ఇకమీదట ఆ మట్టిబొమ్మ ఎదుట కూర్చుండుటయా, దానిని ఏటిలో కలుపుటయా అనునది మాత్రము ఆటగాడు నలుగురి ఎదుట నోరు విప్పి చెప్పవలెను. ఆ ఒక్క మాట చెప్పుట కొందరికి బొటనవ్రేలు ఇచ్చుటకన్న కష్టము.

ఇక తెలుగువారు రంగస్థలముపై అన్నిటికన్న మక్కువతో చూచిన దేవ మానవ సంబంధము వరమును కాదు, దక్షిణయు కాదు. అది తగవు. ఆకాశమార్గమున పోవుచున్న గయుడను గంధర్వుని ఎంగిలి శ్రీకృష్ణుని దోసిటిలో పడినది. వానిని చంపుదునని కృష్ణుడు ప్రతిజ్ఞ చేసెను. ఎవరు తరుముచున్నారో తెలియకముందే అర్జునుడు గయునికి అభయమిచ్చెను. తెలిసిన తరువాత మాట తప్పలేడు. చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి గయోపాఖ్యానము ఈ చిక్కుపైననే నిలిచినది, 1963లో కె.వి. రెడ్డి గారి శ్రీకృష్ణార్జున యుద్ధమును దీనిపైననే నడచినది. రామునితో హనుమంతుడు తలపడిన కథను బాపు 1975లో శ్రీరామాంజనేయ యుద్ధముగా తీసిరి; అందును ఇట్లే, ఇరువైపులను ఇచ్చిన మాటలు. భక్తుడును భగవంతుడును కత్తులు దూయు ఈ కథలు వ్యాస వాల్మీకులలో కానరావు. అయినను మన నాటకశాలలు వీనితో నిండినవి.

ఇందులో ఆటకు పనికివచ్చు సూత్రము దాగియున్నది. కృష్ణార్జునుల బలములు తూచినచో కథ ఒక్క నిమిషములో ముగియును. వారిరువురు సమానులైనది ఒక్క విషయముననే: ఇరువురును నలుగురి ఎదుట మాట ఇచ్చినవారు. కనుక తెలుగు ఆటలో వేల్పునకు కవచబలము వ్రాయవలదు, ప్రాణబలము వ్రాయవలదు. వేల్పు పేరిట ఒక కాగితము, వీరుని పేరిట ఒక కాగితము ఉంచవలెను. ఎవరెవరికి ఏ మాట ఇచ్చిరో అందులో వ్రాయవలెను. వ్రాసినది చెరుపరాదు, సూత్రధారి కూడ చెరుపరాదు. వేల్పునకు చేతకానిది లేకపోవచ్చును. తాను ఇచ్చిన మాటను లేదనుట మాత్రము చేతకాదు. రెండు కాగితములలోని మాటలు ఒకదానితో ఒకటి ఢీకొన్ననాడు పాచికలు ప్రక్కన పెట్టి, అందరును కలిసి దారి వెదకవలెను. గయుని కథలో యుద్ధము తుదకు సంధియైనది. బల్ల చుట్టు కూర్చున్నవారికి ఆ సంధి కుదురునని హామీ లేదు.

వీరుడు చనిపోయినచో ఆటగాడు లేచిపోవలెనా? పల్నాడువారు పోనీయరు. కారెంపూడిలో 12వ శతాబ్దినాటి యుద్ధవీరులకు నేటికిని కార్తికమాసములో ఆరాధన జరుగుచున్నది. వారి ఆయుధములు పూజలందుకొనుచున్నవి. అట్లే ఆటలో చనిపోయిన వీరుని కాగితము వేల్పుల కట్టలో చేరును. అతడు బ్రదికియుండగా ఇచ్చిన మాటలు తీరకున్నచో, తరువాతి వీరులు అతనిని కొలిచినపుడు వానిని మోయవలసి వచ్చును.

దేవతలతో ఆటలేమిటని పెద్దలు ఆక్షేపింపవచ్చును. ఆ ఆక్షేపణ తోసివేయదగినది కాదు. మంత్రములు, పూజావిధులు, అర్చామూర్తులు ఆటలోనికి రాకుండుటయే మర్యాద. కాని కృష్ణరాయబారమును తెల్లవారుదాక విని, కృష్ణుని పాత్రధారి పద్యమునకు వన్స్‌మోర్ కొట్టినది మన పెద్దలే. సత్యభామ కృష్ణుని తులాభారమున తూచినది మన రంగస్థలముమీదనే. చనువు తెలుగు భక్తిలో దోషమని ఎవరును అనలేదు.

ఈ ఆట గ్రేటర్ నోయిడాలో ఆడవలసిన కారణము మరియొకటి కలదు. ఇచ్చటి మన పిల్లలు బడిలో ఇంగ్లీషు, మైదానములో హిందీ మాటాడుదురు. తెలుగు ఇంటిలో వినుటకే మిగిలినది. అందుచేత చివరి నియమము ఒకటి: సంభాషణ ఏ భాషలోనైన సాగవచ్చును, మాట ఇచ్చుట మాత్రము తెలుగులో జరుగవలెను. తెలుగులో పలుకని ప్రతిజ్ఞ కాగితమునకు ఎక్కదు. పిల్లవానికి తగిన పదము దొరకనిచో ప్రక్కన కూర్చున్న అమ్మమ్మనో, తాతగారినో అడుగవచ్చును. వారికి పాచికలు వేయుట రాకపోయినను ఆటలో భాగమున్నట్లే.

ఒక ఆదివారము మధ్యాహ్నము గామా పేటలోని ఒక ఇంట బల్ల చుట్టు పిల్లలు చేరినారనుకొందము. గయునివంటి వాడొకడు పరుగెత్తుకొని వచ్చి కాళ్ళపై పడినట్లు సూత్రధారి చెప్పును. పదేండ్ల పిల్ల కలము చేతబట్టి, "శరణు" అనుటా, "అభయము" అనుటా, తాను చెప్పవలసినది ఏదియని అమ్మమ్మను అడుగును. వచ్చినవాడు చెప్పునది శరణు, నీవు ఇచ్చునది అభయము అని ఆమె చెప్పును. అపుడు ఆ పిల్ల ఒక క్షణము ఆగి, ఇచ్చుటకు ముందు, నిన్ను తరుముచున్నది ఎవరని అడుగవచ్చునా అని సూత్రధారివంక చూచును. అడుగవచ్చునని నియమము ఉన్నది. అడుగరాదని అర్జునుడు ఉన్నాడు.