అప్పు తీర్చుటకు తొలి మెట్టు



అప్పును గూర్చి ఇంటి యజమాని ఒక్కడే మథనపడుట మన పల్లెలలో పరిపాటి. భార్యకు తెలియదు, ఎదిగిన కొడుకుకు తెలియదు. తెలియనివారు ఖర్చు ఎట్లు తగ్గింతురు? కావున మొదట ఇంటిల్లిపాదియు కూర్చుండి, ప్రామిసరీ నోట్లు, బ్యాంకు పుస్తకము, ఎరువుల దుకాణపు బాకీ చీట్లు, కుదువబెట్టిన నగల రసీదులు ముందుంచుకొని ఒక కాగితముపై వ్రాయవలెను: ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు.

పిమ్మట వడ్డీని సంవత్సరమునకు లెక్కకట్టుడు. నూటికి నెలకు రెండు రూపాయలన్నచో స్వల్పముగా తోచును. లక్షకు ఏడాదికి అది 24,000 రూపాయలు. ఏటేట అసలులో కలిపినచో మూడేండ్లకు బాకీ 1,90,662 రూపాయలగును. కిసాన్ క్రెడిట్ కార్డుపై పంట ఋణము 3 లక్షల వరకు 7 శాతము. గడువులోగా చెల్లించినచో 4 శాతమే. అనగా లక్షకు 4,000. కావున బ్యాంకు గడువు తప్పనీయక, సాగుకు కొత్త చేబదులు తేక, మిగిలిన ప్రతి రూపాయిని అధిక వడ్డీ బాకీకే ముందు కట్టవలెను.

చెల్లించిన ప్రతిసారి నోటు వెనుక చెల్లు వ్రాయించుడు. బాకీ తీరిననాడు నోటు వాపసు తీసికొనుడు.

పొలము అమ్ముట చివరి మాట. కాని నగ ఏండ్ల తరబడి కుదువలో ఉండి వడ్డీ తినుటకంటె, ఇంటి ఇల్లాలి సమ్మతితో అమ్మి బాకీ తీర్చుట మేలు.

అప్పు ఒక్క పంటతో తీరదు. కాని ప్రతి పంట చేతికి వచ్చినప్పుడు ఆ కాగితము తీసి తిరిగి వ్రాసినచో, అది తరుగుచున్నదో పెరుగుచున్నదో ఇంటిల్లిపాదికి తెలియును.